కడపలో ఉన్నారంట

"అమ్మా, మధుకర్ సార్ కడపలో ఉన్నారంట. మాట్లాడేసి వచ్చేస్తా. రాబిన్‌ని కిందే ఉండమను, పైకి రావొద్దను. మళ్లీ గొడవ పెట్టుకుంటాడు."

ఫోన్‌లో సెలీనా గొంతు అంతటితో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ చలపతిరావు తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి, పేకాటలో ఆఖరి ముక్క దించినవాడిలా డిటెక్టివ్ ఎల్లేశం ముఖంలోకి చూశాడు.

"విన్నారుగా? బుధవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి తల్లికి పంపిన మాటలు ఇవి. రాబిన్ అనుమానిస్తున్న పై ఆఫీసరు మధుకర్ కడపలో ఉన్నాడని దెబ్బ తిన్న అమ్మాయే చెబుతోంది. తమ్ముడితో గొడవని కూడా తనే చెబుతోంది. ఇంకేం కావాలండీ మీకు?"

"జర టైం కావాలె సారూ."

"నాలుగింటికి రాబిన్‌ని మేజిస్ట్రేట్ గారి ముందు పెడుతున్నాం. అప్పటిదాకా మీ ఇష్టం. ఆ తర్వాత జైలుకెళ్లి ములాఖత్‌లో మాట్లాడుకోండి."

వాళ్లు కూర్చున్నది హైటెక్ సిటీలో 'గగనదారి' అనే ప్రయాణాల వెబ్‌సైట్ కంపెనీ ఆఫీసులో, తొమ్మిదో అంతస్తులో. ఏ ఊరి విమానాశ్రయం నుంచి ఏ ఊరి విమానాశ్రయానికి ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు ప్రయాణం అని జనం అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి టికెట్లు అమ్మడం ఈ కంపెనీ పని. రెండు రోజుల కిందట ఇదే అంతస్తులో ఒక మీటింగు గదిలో సెలీనా తల పగిలింది. ఆమె ఇక్కడ టికెట్ల సమాచారం సరిచూసే ఉద్యోగి. బుధవారం అందరూ ఇళ్ల నుంచే పనిచేసే రోజు కనుక అంతస్తు ఖాళీ. కెమెరాలు, ఎవరు ఏ తలుపు తెరిచారో రాసుకునే యంత్రం మరమ్మతులో ఉన్నాయి. ఎంతకీ కిందికి రాని అక్క కోసం పైకెళ్లి, రక్తం అంటిన చొక్కాతో, ఆమెను చేతుల మీద మోసుకుంటూ లిఫ్టులోంచి బయటికొచ్చిన రాబిన్ ఒక్కడే లోకానికి కనిపించాడు. ఇంకేముంది, దొరికినవాడే దొంగ అన్నారు.

మియాపూర్‌లో ఉండే రిటైర్డ్ టీచరు మరియమ్మకు ఉన్నది ఆ ఇద్దరే. కూతురు ఆస్పత్రి మంచం మీద, కొడుకు లాకప్‌లో. అక్కను చంపబోయింది తమ్ముడే అని అందరూ అంటుంటే ఆ తల్లి ఎవరి కోసం ఏడవాలి? నిన్న ఖాజాగూడలో ఎల్లేశం ఇంటి వరండాలో కూర్చుని ఆమె ఏడవను కూడా లేదు. "ఒక బిడ్డని చూపించి రెండో బిడ్డని వదులుకోమంటున్నారండీ. నాకు ఇద్దరూ కావాలి" అని మాత్రం అంది. ఎల్లేశం కూతురికి పదో క్లాసు లెక్కలు చెప్పిన టీచరమ్మ ఆమె. కాదనడానికి అతనికి నోరు రాలేదు.

"రాబిన్ చెప్పిన దొంగతనాల సంగతి రాసుకున్నరా సారూ?" అన్నాడు ఎల్లేశం.

"రాసుకున్నానండీ, ఎందుకు రాసుకోను? నల్లగండ్లలో ఎవరైనా కుటుంబంతో విమానం ఎక్కితే చాలు, అదే రోజు వాళ్ల ఫ్లాటు తాళం పగులుతోందట. అందరూ ఈ సైట్‌లోనే టికెట్లు కొన్నారట. ఎవరు ఎప్పుడు ఊరు వదులుతున్నారో ఆఫీసులోంచే దొంగలకు అందుతోందని వాళ్లక్క కనిపెట్టి, పై ఆఫీసరు మధుకర్‌కి చెప్పిందట. ఈ ఉద్యోగం మానెయ్యమని రాబిన్ అక్కతో గొడవపడ్డాడట. కథ బాగానే అల్లాడు కుర్రాడు."

"కథనో నిజమో తేలేదాకన్నా దవాఖానల ఆ పిల్ల దగ్గర ఒక జవాన్ని పెట్టకపోతిరి?"

"కొట్టినవాడు లాకప్‌లో ఉండగా కాపలా దేనికండీ? కానిస్టేబుళ్లు నాకు చెట్లకి కాయరు. మీరు ఇన్సూరెన్సు కంపెనీలకి కేసులు చూసుకునేవారు, ఆ చూపుతో చూస్తే అందరూ దొంగల్లానే కనిపిస్తారు."

ఎల్లేశానికి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లు బీమా కంపెనీల తరఫున దొంగ కాగితాలు పట్టుకున్న మనిషి అతను. ఆ పని గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఊరుకునే రకం కాదు. కానీ అప్పుడే గాజు తలుపు తెరుచుకుని మధుకర్ లోపలికి వచ్చాడు.

నలభై దాటని మనిషి. గడ్డం నున్నగా గీసుకున్నాడు, మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. ఈ అంతస్తులో పనిచేసేవాళ్లందరికీ అతనే పెద్ద.

"సారీ, కాల్‌లో ఇరుక్కుపోయాను. సెలీనాకి ఎలా ఉంది ఇన్‌స్పెక్టర్ గారూ?"

"గండం గడిచినట్టేనండీ" అన్నాడు చలపతిరావు ఉదారంగా. "పొద్దున ఐసీయూ నుంచి మామూలు గదికి మార్చారు. వేళ్లు కదుపుతోందట. సాయంత్రానికల్లా మాట్లాడొచ్చని డాక్టరు గారు అన్నారు. ఇక తమ్ముడి పేరు తనే చెబుతుంది."

ఎల్లేశం పళ్లు కొరుక్కున్నాడు. పోలీసులకు ఇన్ని శిక్షణలు ఇస్తారు కదా, నోరు అదుపులో పెట్టుకోవడం కూడా నేర్పితే ఏం పోతుంది? మధుకర్ మాత్రం "థాంక్ గాడ్" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సారూ, బుధవారం మూడింటికి మీరేడున్నరు?" అన్నాడు ఎల్లేశం సూటిగా.

"ఆకాశంలో."

"జర కింద మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి."

మధుకర్ నవ్వాడు. "పొద్దున విజయవాడలో మీటింగ్. అక్కడి నుంచి కడపలో క్లయింట్ దగ్గరికి వెళ్లాలి. గన్నవరం నుంచి కడపకి మూడు గంటల ఫ్లైట్. దూరం మూడు వందల పన్నెండు కిలోమీటర్లు, ఫ్లయింగ్ టైమ్ ఇరవై మూడు నిమిషాలు. మా సైట్ తెరిస్తే మొదటి లైన్‌లోనే ఉంటుంది. మూడున్నర కల్లా కడప నేల మీద ఉన్నాను."

"టికెట్ మీద గంట పైన ఉన్నది కదా?"

"సీ, అది ఎయిర్‌లైన్స్ వాళ్ల జాగ్రత్త. లేటైతే తిట్లు పడకుండా ఎక్కువ రాసుకుంటారు. గాల్లో ఉండేది ఇంతే. దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే వచ్చే లెక్క. ఆ ఫార్ములా రాయించింది నేనే. దేశంలో ఏ రెండు ఎయిర్‌పోర్టులు అడిగినా చెబుతాను."

"బోర్డింగ్ పాస్ స్కాన్ అయింది" అని చలపతిరావు మధ్యలో అందుకున్నాడు. "అతని ఫోన్ గన్నవరంలో ఆగి కడపలో లేచింది. హోటల్లో ఆధార్ కాపీ ఉంది. కడప ఎయిర్‌పోర్ట్ వీడియో అడిగాను, రేపో ఎల్లుండో వస్తుంది. ఒక మనిషి ఎక్కడున్నాడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఉంటుందా?"

"కడపల ఫోన్ లేచింది ఎన్నింటికి సారూ?"

చలపతిరావు తన ఫోన్‌లో వెతికాడు. "నాలుగూ పన్నెండు."

"మూడున్నరకు దిగిన మనిషి, నాలుగు దాటేదాకా ఫోన్ తెరవలేదు?"

"మర్చిపోయాను" అన్నాడు మధుకర్ తడుముకోకుండా. "రోజంతా ఫోన్‌తోనే బతికేవాళ్లకి అరగంట అది లేకపోతే పండగ. మీకు తెలియదు."

"నిజమే, నాకు తెల్వది. సీటు ఏడ వచ్చింది?"

"వన్ ఏ. నాకెప్పుడూ మొదటి వరుసే. క్యూలో నిలబడడం నావల్ల కాదు. డోర్ తీయగానే ఫస్ట్ దిగిపోతాను."

"కడపల గూడ అందరికన్న ముందే దిగిండ్రా?"

"ఆఫ్‌కోర్స్. వెనకాల వాళ్లు బ్యాగులు తీసుకునే లోపు నేను కింద ఉన్నాను."

ఎల్లేశం లేచాడు. "పిల్ల పడిపోయిన జాగ చూస్త."

"మీరు వెళ్లండి, నాకు చిన్న పనుంది, ఇక్కడే ఉంటాను" అన్నాడు మధుకర్. వాళ్లు తలుపు దాటేసరికే అతని చేతిలోకి ఫోన్ వచ్చింది.

ఆఫీసు వ్యవహారాలు చూసే శ్రీలత వాళ్లను నడవాలోంచి తీసుకెళ్లింది. ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. సెలీనా, తనూ రోజూ ఒక్క డబ్బాలో అన్నం తినేవాళ్లమని, తన మెడలో కార్డుతోనే తలుపులు తెరుస్తూ చెప్పింది. ఇక్కడ ప్రతి తలుపుకూ కార్డు కావాలి. కార్డు లేనివాడు మంచినీళ్ల దగ్గరికి కూడా పోలేడు.

నడవాకు రెండు పక్కలా మీటింగు గదులు. ప్రతి గాజు తలుపు మీదా మూడేసి ఇంగ్లీషు అక్షరాలు అంటించి ఉన్నాయి. చివరి గది మీద 'సీ డీ పీ' అని ఉంది. చలపతిరావు పోలీసు టేపు పైకెత్తి, ఇంటి యజమానిలా లోపలికి రమ్మన్నాడు.

పొడుగాటి బల్ల, ఎనిమిది కుర్చీలు. ఆరు కుర్చీలు బల్ల కిందికి నెట్టినవి నెట్టినట్టే ఉన్నాయి. రెండు మాత్రం బయటికి లాగి ఉన్నాయి. ఒకటి బల్ల ఆ చివర, గోడకు వీపు, తలుపుకు ముఖం. రెండోది దానికి దగ్గరగా పడిపోయి ఉంది. బల్ల నడుమ ఒక చెక్క పీట, దాని మీద ఉండాల్సిన ఇత్తడి విమానం బొమ్మ లేదు. సెలీనా తల పగలగొట్టింది దానితోనే కనుక పోలీసులు తీసుకెళ్లారు. తుడిచేసి ఉంది, వేలిముద్రలు దొరకలేదు. పడిన కుర్చీ దగ్గర మొదలైన రక్తపు చార తివాచీ మీద తలుపు దాకా సాగింది. తలుపు లోపలి పక్క, నేలకు జానెడు ఎత్తున, అయిదు వేళ్ల గుర్తు ఎండిపోయి ఉంది.

ఎల్లేశం ఆ గుర్తు ముందు గొంతుక్కూర్చున్నాడు. తల పగిలిన ఆడపిల్ల ఇంత దూరం పాకింది. తలుపు లాగి, అది మూసుకోకుండా తన ఒంటినే అడ్డం పెట్టింది. ఎవరైనా వస్తారన్న ఆశ ఎంత గట్టిగా ఉంటే అంత పని చేస్తుంది!

"ఇన్‌స్పెక్టర్ సాబ్, రాబిన్ లోపలికెట్ల వచ్చిండు? వానికి కార్డు లేదు."

"లిఫ్టు దగ్గరి తలుపు శుభ్రం చేసేవాళ్ల కోసం తెరిచి ఉంచారు. ఈ తలుపు అక్కే తీసి ఉంటుంది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, మాటా మాటా పెరిగింది."

"అక్కతో లొల్లి పెట్టుకుందామని ఉరికొచ్చినోడు ఆ చివరి కుర్చీల పోయి సల్లగ కూసుంటడా? గా కుర్చీల కూసున్నోడు తలుపు దిక్కు చూసుకుంట ఎదురుచూసిండు. ఆమె తర్వాత వచ్చింది. దగ్గర కూసోమంటే కూసున్నది. పిలిచినోడు పెద్దోడు కాబట్టి కూసున్నది."

"ఊహలండీ ఇవన్నీ. కుర్చీలు సాక్ష్యం చెప్పవు." చలపతిరావు గొంతు పెంచాడు. "నా కేసు నేను రాసేశాను. 'సీడీపీ గదిలో అక్కాతమ్ముళ్ల మధ్య ఘర్షణ.' కోర్టుకి వెళ్లేది అదే. మీరొచ్చి కుర్చీలు జరిపినంత మాత్రాన మారదు."

"సీడీపీ అంటే ఏంది సారూ?"

"ఏదో వాళ్ల ఇంగ్లీషు. కాన్ఫరెన్సు, డిస్కషన్... అలాంటిదేదో. ఈ కంపెనీల్లో మరుగుదొడ్డికి కూడా మూడక్షరాల పేరు పెడతారు."

తలుపు దగ్గర నిలబడిన శ్రీలత నెమ్మదిగా అంది. "అది కాదు సార్. ఎయిర్‌పోర్టు కోడ్‌లు అవి. మాది ట్రావెల్ కంపెనీ కదా, రూములకు చిన్న చిన్న ఎయిర్‌పోర్టుల పేర్లు పెట్టిండ్రు. అటు ఆర్‌జేఏ రాజమండ్రి. దాని పక్కది వీజీఏ, గన్నవరం. ఈ రూముకు పెట్టిన ఊరి పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ సీ తోటి ఉండె కాబట్టి దీనికి సీడీపీ. కోడ్‌లు ఎవరూ పలకరు సార్. ఊరి పేరే అంటం. రాజమండ్రిల ఏసీ పాడైంది, కడపల కూసుందాం అంటం..."

ఆ పిల్ల మాట అక్కడే ఆగిపోయింది. తను ఏం చెప్పిందో తనకే వినిపించింది. చేత్తో నోరు మూసుకుంది.

ఎల్లేశం మెల్లిగా లేచి, చలపతిరావు చేతిలోని ఫోన్ తీసుకుని మీట నొక్కాడు.

"అమ్మా, మధుకర్ సార్ కడపలో ఉన్నారంట. మాట్లాడేసి వచ్చేస్తా."

"ఫోన్ల మాట్లాడేదైతే తమ్ముణ్ని కింద కూసోపెట్టి పైకెందుకొస్తది సారూ?" ఎల్లేశం కోపంగా అన్నాడు. "ఆ పిల్ల నీకు నేరస్తుని పేరు చెప్పింది. ఏ గదిల ఉన్నడో గూడ చెప్పింది. రెండు దినాల సంది ఆ మాటే ఇనిపిచ్చి వాణ్ని నువ్వే కాపాడుతున్నవ్!"

చలపతిరావు ముఖం కందగడ్డలా అయింది. పొగరుబోతే కానీ వెధవ కాదు. వేళ్ల గుర్తు వైపు ఒకసారి చూశాడు, తలుపు మీది అక్షరాల వైపు ఒకసారి చూశాడు.

"ఒక్క మాటతో అతన్ని పట్టుకోలేనండీ" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మా లాయరే నవ్వుతాడు. సెలీనా అన్నది కడప ఊరి గురించే అంటాడు. విమానం ఎక్కినట్టు అన్నీ ఉన్నాయి. ఎక్కలేదని చూపించండి, నేనే సంకెళ్లు వేస్తాను."

"దా, చూపిస్త."

మధుకర్ ఇందాకటి కుర్చీలోనే ఉన్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. ఎల్లేశం అతని ఎదుట కూర్చోలేదు, నిలబడే మొదలుపెట్టాడు.

"మీ ఫార్ములల విమానం వేగం ఎంత పెట్టిండ్రు సారూ?"

"ఎనిమిది వందలు. స్టాండర్డ్ జెట్ స్పీడ్. ఎందుకు?"

"గన్నవరం నుంచి కడపకు జెట్ పోతదా?"

మధుకర్ కనురెప్పలు టపటపలాడాయి. "ఏదో ఒక ఎయిర్‌క్రాఫ్ట్. ఎక్కినవాడు ఇంజిన్ చూసి ఎక్కుతాడా?"

"చూడక్కర్లేదు. చెవులు పగులుతయి. రెక్కలకు పంకాలు తిరుగుతుంటయి. పోయిన యేడు బీమా కేసు మీద నేను ఆ రూట్లనే పోయిన. జెట్ లెక్క ఉరకదు అది. గంట పైన పడ్తది. టికెట్ మీద రాసింది జాగ్రత్త కాదు, నిజం. అందుకే నాలుగూ పన్నెండుకు మీ ఫోన్ లేచింది. ఫోన్ తెచ్చినోడు మర్చిపోలే, అప్పుడే దిగిండు. మూడున్నరకు దిగింది మీ ఫార్ముల ఒక్కటే."

"ఎల్లేశం గారూ, టైమ్ చూసుకోలేదంతే. కళ్లు మూసుకుని పడుకున్నాను. దానికే నేరస్తుణ్ని అయిపోతానా?"

"కాదు. పడుకున్నరు, టైం తెల్వలే, ఒప్పుకుంట. దిగినప్పుడు లేచే ఉన్నరు కదా? అందరికన్న ముందు దిగిన్నని ఇందాక మీరే అన్నరు. మల్ల అడుగుతున్న. మొదటి వరుసల కూసున్నరు, ముందే దిగిండ్రు. అంతేనా?"

"అంతే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆగండాగండి." చలపతిరావు ముందుకు జరిగాడు. అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఆ చిన్న విమానంలో... మా అత్తగారిని రాజమండ్రి తీసుకెళ్లానండీ మొన్న వేసవిలో. మోకాళ్ల నొప్పులు, త్వరగా దిగొచ్చని మొదటి వరుస తీసుకున్నా. తీరా చూస్తే తలుపు తోక దగ్గర. ముందువైపు సామాన్లు పెడతారు. విమానమంతా ఖాళీ అయ్యాక ఆఖరున దిగాం. ఇల్లు చేరేదాకా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది." అతను మధుకర్ వైపు తిరిగాడు. ఇప్పుడు ఆ గొంతులో ఔదార్యం లేదు. "మొదటి వరుసలో కూర్చున్నవాడు అందరికంటే ముందు ఎలా దిగాడండీ?"

మధుకర్ హైదరాబాద్ నుంచి సింగపూర్ దాకా పెద్ద విమానాల్లో తిరిగినవాడు. దేశంలోని ప్రతి చిన్న విమానాశ్రయం దూరమూ అతనికి కంఠస్థం. వాటిలో ఒక్కదానిలోనూ కాలు పెట్టిన పాపాన పోలేదు.

"మీ పేరు మీద ఇంకోడు ఎక్కిండు" అన్నాడు ఎల్లేశం. "మీ ఫోన్ జేబుల పెట్టుకున్నడు, మీ ఆధార్ చూపించిండు. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆ కార్డు మీద ఫోటోకు మనిషికి తేడా ఎవడు చూస్తడు? మీరు ఈడ కడపల కూసోని ఆఫీసు కంప్యూటర్ల నుంచి ఆ పిల్లను పిలిచిండ్రు. నల్లగండ్ల దొంగతనాల సంగతి పోలీసులకు చెప్తనన్నది కదా ఆమె? ఆ ఫ్లాట్ల తాళాలు పగలగొట్టినోడు, విమానం ఎక్కినోడు ఒక్కడే. అవునా, కాదా?"

"నాన్సెన్స్. నేను లాయర్‌తో మాట్లాడాకే..."

"మాట్లాడుండ్రి. అంతకు ముందు ఒక్క పని. మీ ఆధార్ కార్డు జర చూపించుండ్రి."

"ఇప్పుడు దగ్గర లేదు. కార్లో ఉంది."

"పదండి, కిందికి పోదాం" అన్నాడు చలపతిరావు.

"కార్లో కాదు. ఇంట్లో... ఇంట్లో పెట్టాననుకుంటా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి బల్ల మీది ఫోన్ వైపు పోయింది. చలపతిరావు దాన్ని ముందే లాక్కున్నాడు. తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి, "రాబిన్‌ని కోర్టుకి తీసుకెళ్లొద్దు, నేను చెప్పేదాకా ఆపండి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఎల్లేశం ముఖంలోకి చూడలేకపోయాడు. ఎల్లేశానికి అతని మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

సరిగ్గా అప్పుడే ఎల్లేశం జేబులో ఫోన్ మోగింది. మరియమ్మ. మంచి కబురు చెప్పే అవకాశం ఈ వృత్తిలో ఎన్నిసార్లు వస్తుంది? అందరూ వినాలని ఫోన్ పెద్దగా పెట్టి బల్ల మీద ఉంచాడు.

"టీచరమ్మా, మీ పిలగాడు ఇయ్యాల జైలుకు పోడు. ఫికర్ చెయ్యకుండ్రి."

"స్తోత్రం ప్రభువా!" అవతల ఆమె గొంతు పగిలింది. రెండు రోజులుగా పట్టి ఉంచిన ఏడుపంతా ఒక్కసారిగా వచ్చేసింది. "నా తండ్రీ, మీ మేలు మర్చిపోలేనండీ ఎల్లేశం గారూ. ఇవాళ అన్నీ మంచివే జరుగుతున్నాయి. సెలీనా ఇందాక నా వేలు పట్టుకుంది. వాళ్ల ఆఫీసు సారు కూడా చూడ్డానికి వచ్చారు. పళ్లు తెచ్చారండీ. రెండు రోజుల నుంచీ మీరేం తిని ఉండరు, పాప దగ్గర నేను కూర్చుంటాను, కిందికెళ్లి ఏమన్నా తిని రండమ్మా అని పంపించారు. అన్నీ ఆయనే కనుక్కున్నారు, నర్సు మళ్లీ ఎప్పుడొస్తుంది, మందులెప్పుడని. ఎంత మంచి మనిషో."

ఎల్లేశం వేళ్లు బల్ల అంచును పట్టుకున్నాయి. "ఏ సారు, టీచరమ్మా?"

"మధుకర్ గారండీ. నేనెప్పుడూ చూళ్లేదుగా, అందుకే ఎవరని అడిగాను. పాపం ఏమీ అనుకోకుండా ఆధార్ కార్డు తీసి చూపించారు."

బల్లకు ఈ పక్కన మధుకర్ కూర్చునే ఉన్నాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు.

చలపతిరావు అప్పటికే తన ఫోన్‌లో అరుస్తున్నాడు. ఆస్పత్రికి దగ్గర్లో ఏ బండి ఉంటే ఆ బండి పంపమని, ఏ మనిషి ఉంటే ఆ మనిషిని పంపమని. కాపలా పెట్టని సంగతి అతనికి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

"టీచరమ్మా, ఇనుండ్రి" అన్నాడు ఎల్లేశం. "వాడు మధుకర్ కాదు. మధుకర్ ఈడ నా ముంగట ఉన్నడు. వాడు ఆ పిల్లను నోరు తెరవనియ్యకుండ చేసెతందుకు వచ్చిండు. ఉరకుండ్రి! కేకలు వెయ్యుండ్రి, నర్సులను పిలువుండ్రి, ఎవరు కనిపిస్తే వాళ్లను పిలువుండ్రి!"

అవతల ఏదో గ్లాసు కిందపడి పగిలింది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత మాటలు లేవు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, అరవై దాటిన మనిషి ఆయాసం, మధ్య మధ్యలో "ప్రభువా, ప్రభువా" అనే గొంతు. ఎవరినో "తలుపు, ఆ తలుపు!" అని పిలిచింది. ఎవరో "ఏమైందమ్మా?" అని అడిగారు. ఆమె ఆగలేదు.

తర్వాత అరచేత్తో తలుపు బాదుతున్న మోత.

"సెలీనా! సెలీనా! అమ్మనే, తలుపు తీయ్... ఎల్లేశం గారూ, తలుపు రావట్లేదండీ. లోపల గడియ పెట్టుకున్నాడు."